వందమంది చేతులు పడే బొమ్మలో చిత్రకారుడి పని ఎక్కడ ఉంటుంది?

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. మీరు ఏళ్ళ తరబడి స్టూడియోలో ఒంటరిగా బొమ్మలు వేసినవారు. ఇప్పుడు ఒక లైబ్రరీ వాళ్ళు, తమ దగ్గరికి వచ్చే జనంతో కలిసి బయటి గోడ మీద పెద్ద బొమ్మ వేయమని పిలిచారు. పిల్లలు, పెద్దలు, సిబ్బంది అంతా కలిపి వందమంది దాకా రావచ్చు. వాళ్ళలో చాలామంది జీవితంలో కుంచె పట్టి ఎరగరు. ఔట్‌లైన్ మీరు గీస్తారు, రంగులు వాళ్ళు నింపుతారు, అందరూ వెళ్ళిపోయాక మీరు కూర్చుని సరిదిద్దుతారు. ఇదీ మీ ప్లాన్. అంతా కలిసి బురదగా తయారవుతుందేమో, కింద పేరు రాసుకోవడానికి మనసొప్పదేమో అని మీ భయం.

ప్లాన్‌లో ఆ చివరి ముక్కను ఇప్పుడే కొట్టేయండి. జనం వెళ్ళాక వాళ్ళు వేసినదాన్ని దిద్దకూడదు. మిగతా విషయాల్లో సర్దుబాట్లు ఉంటాయి కానీ దీంట్లో మాత్రం నేను రాజీ పడను.

గోడ మీద బొమ్మ వేసినవాళ్ళు ఒక్కరూ అక్కడితో ఊరుకోరు. నాలుగు రోజులు పోయాక అమ్మనో, మనవణ్ణో, స్నేహితుణ్ణో వెంటబెట్టుకుని మళ్ళీ వస్తారు. అంత పెద్ద గోడలో కళ్ళు నేరుగా తాము వేసిన జానెడు చోటుకే పోతాయి. "ఇదిగో, ఈ ఆకు నేనే వేశాను" అని చూపించబోతే అక్కడ ఇంకెవరిదో నున్నటి ఆకు కనిపించిందనుకోండి, పైకి ఏమీ అనరు. నవ్వేసి వెళ్ళిపోతారు. మళ్ళీ ఎప్పుడు పిలిచినా రారు. అందరికీ రంగు డబ్బాలిచ్చి, ఫొటోలు తీసుకుని, రాత్రి లైట్లు పెట్టి మొత్తం మళ్ళీ వేసే చిత్రకారులు ఉన్నారు. అలా వేసిన గోడలు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ అక్కడ జనం చేసింది ఫొటోకు నిలబడటం ఒక్కటే.

చేయి తిరిగినవాళ్ళ మధ్య కూడా ఈ పని చిచ్చు పెడుతుంది. 1967లో షికాగోలో నల్లజాతి కళాకారుల బృందం ఒకటి ‘వాల్ ఆఫ్ రెస్పెక్ట్’ అనే గోడ వేసింది. అమెరికాలో సామూహిక కుడ్యచిత్రాల ఉద్యమం దానితోనే ఊపందుకుంది. కొన్నాళ్ళకు ఆ గోడలో ఒక భాగాన్ని, అది వేసిన చిత్రకారుడి సమ్మతి లేకుండా తెల్ల రంగు కొట్టేసి, మరొకరితో కొత్తగా వేయించారు. ఆ గొడవతో బృందంలో చీలిక వచ్చింది. పేరున్న చిత్రకారుల సంగతే అదైతే, మొదటిసారి కుంచె పట్టిన మనిషి ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆలోచించండి.

మరి బొమ్మ బాగుండాలి కదా అంటారు. తప్పకుండా బాగుండాలి. నాసిరకం బొమ్మను "జనం వేసింది కదా" అని సమర్థించుకోవడం నాకు అస్సలు నచ్చదు, అది ఆ జనాన్నే చిన్నచూపు చూడటం. కాబట్టి మీరు చివర్లో చేద్దామనుకున్న పనంతా ముందుకు జరగాలి. ఎవరి చేయి ఎలా పడినా బొమ్మలో ఇమిడిపోయేలా ముందే కట్టుదిట్టం చేసుకోవాలి. చిత్రకారుడిగా మీ నేర్పంతా అక్కడే పెట్టాలి.

రంగులతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ భయంలో సగం అక్కడే ఉంది. బురద రంగు జనం చేతుల్లోంచి పుట్టదు, మనం బల్ల మీద పెట్టిన డబ్బాల్లోంచే పుడుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా పెట్టి, పచ్చి కుంచెలతో అరవై మందిని వదిలితే గంటలో గోడంతా గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని రంగులను కుటుంబాలుగా విడదీసి, ఒక్కో విడతలో ఒక్కో కుటుంబాన్నే బయటికి తీయండి. పొద్దున నీలాలు, ఆకుపచ్చలు, లేత పసుపుపచ్చలు. వీటిలో ఏది దేనిలో కలిసినా మంచి రంగే వస్తుంది. నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగు మామూలు వాతావరణంలో అరగంటలో చేతికి అంటకుండా ఆరిపోతుంది. అది ఆరాక, మధ్యాహ్నం వచ్చేవాళ్ళకు నారింజలు, ఎరుపులు, గులాబీలు ఇవ్వండి. ఈ ఒక్క ఏర్పాటుతో "అది ముట్టుకోకు, ఇది కలపకు" అని అరిచే పని తప్పుతుంది. అలా అరవాల్సి వచ్చిందంటే అక్కడ సందడి చచ్చిపోయినట్టే.

రంగులన్నీ ముందే కలిపి మూత డబ్బాల్లో పోసుకోండి. పది, పన్నెండు రంగులు చాలు. అన్నిటిలోనూ ఒకే రంగు, ఉదాహరణకు పసుపు మట్టిరంగు, కొద్దికొద్దిగా కలిపితే ఎక్కడ ఏది పడినా ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. చిక్కటి నలుపు, స్వచ్ఛమైన తెలుపు బల్ల మీద పెట్టకండి. అవి చివర్లో, చూపు ఎక్కడ నిలవాలో అక్కడ కొద్దిగా వాడుకోవడానికి ఉంచండి. కొన్ని పసుపులు, ఎరుపులు పలచగా, కింద ఉన్నది కనిపించేలా ఉంటాయి. అనుభవం లేనివాళ్ళు ఎన్ని పూతలు వేసినా అవి గీతలుగీతలుగానే ఉంటాయి, వాళ్ళేమో తమకు చేతకాలేదనుకుంటారు. కాస్త తెలుపు కలిపి చిక్కబరచండి, లేదా ఆ చోట ముందే లేత రంగు కొట్టి ఉంచండి. ఇంకో చిన్న సంగతి. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. డబ్బా లోపల కనిపించే రంగును నమ్మి ఎంచుకున్నవాళ్ళు ఆరాక నిరాశపడతారు. నేను ప్రతి డబ్బా మూత మీద ఆ రంగునే పూసి, ఆరనిచ్చి, దాని మీద నంబరు వేస్తాను. జనం మూత చూసి రంగు ఎంచుకుంటారు.

డిజైన్ అయ్యాక ఫోన్‌లో దాన్ని నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూడండి. లేత, మధ్యస్థం, ముదురు అనే మూడు మెట్లు అందులో స్పష్టంగా విడిపోయాయంటే మీ ఎముకల గూడు గట్టిదే. ఇక లోపల ఎవరు ఏ ఆకు ఎలా వంకర తిప్పినా దూరం నుంచి బొమ్మ నిలబడుతుంది. అవి విడిపోకపోతే పికాసో వచ్చి నింపినా లాభం లేదు.

కుంచెల విషయంలో అందరూ ఉల్టా చేస్తారు. కొత్తవాళ్ళు కదా అని సన్నటి కుంచెలు ఇస్తారు. సన్న కుంచె చేతికి రాగానే మనిషికి టెన్షన్ మొదలవుతుంది. ఊపిరి బిగబట్టి, గీత దాటుతానేమోనని వణుకుతారు. రెండు వేళ్ళ వెడల్పు ఉన్న చదును కుంచె ఇవ్వండి. ఒక్కో మనిషి పక్కన ఒక్కో నీళ్ళ గ్లాసు కూడా పెట్టవద్దు. పిల్లలు కుంచెను పదేపదే నీళ్ళలో ముంచుతారు, రంగు గోడ మీద ధారలు కడుతుంది. అంతకంటే ముఖ్యంగా, నీళ్ళు ఎక్కువైతే రంగును గోడకు పట్టి ఉంచే జిగురు పలచబడి ఎండకు, వానకు పొడిపొడిగా రాలుతుంది. కడుక్కునే బకెట్లు ఒకేచోట, దూరంగా ఉండాలి. రంగుకొక కుంచె కేటాయిస్తే కడిగే అవసరం చాలావరకు ఉండదు.

ఇక ఔట్‌లైన్. 1986లో అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్ న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం నూరేళ్ళ సందర్భంగా దాదాపు వెయ్యిమంది పిల్లలతో ఒక భారీ బ్యానర్ వేయించాడు. లావాటి గీతలు ఆయనవి, లోపలి రాతలు, బొమ్మలు, రంగులు పిల్లలవి. ఆ గీత ఎంత గట్టిదంటే లోపల ఏం జరిగినా దూరం నుంచి అది హేరింగ్ బొమ్మే, దగ్గరికి వెళితే వెయ్యిమంది గొంతులు. జపాన్ కళాకారిణి యాయోయి కుసామా 2002లో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీ కోసం పిల్లలకని చేసిన ‘ఆబ్లిటరేషన్ రూమ్’లో నియమం ఇంకా సులువు. సామానుతో సహా గదంతా తెలుపు, వచ్చినవాళ్ళకు గుండ్రటి రంగు స్టిక్కర్లు, ఎక్కడైనా అంటించుకోవచ్చు, అంతే. తప్పు చేసే వీలే లేదు. మీరు ఎంచుకునే నియమానికి కూడా ఈ గుణం ఉండాలి. ఎవరైనా మాట కూడా అక్కర్లేకుండా, పక్కవాణ్ణి చూసి అందుకోగలగాలి.

కానీ ఔట్‌లైన్ లోపల రంగు నింపడమే మొత్తం భాగస్వామ్యం అనుకుంటే అది గోడంత రంగుల పుస్తకం అవుతుంది. అందుకే నా డిజైన్లలో దాదాపు మూడోవంతు చోటు ఏమీ గీయకుండా వదిలేస్తాను. చుట్టూ ఏముందో నేను నిర్ణయిస్తాను, లోపల ఏముండాలో అక్కడ కూర్చున్న మనిషి నిర్ణయిస్తారు. ఒక గోడలో నది పెట్టి, నీళ్ళ లోపల ఖాళీ వదిలాం. పదేళ్ళ పాప ఒకతె చేపను వేసి దానికి రెండు కాళ్ళు పెట్టింది, కాళ్ళకు చెప్పులు కూడా. పక్కనున్న పెద్దాయన "చేపకు కాళ్ళేంటమ్మా, ఆ సార్‌తో చెప్పి తీయించు" అన్నాడు. పాప చాలా మామూలుగా "అది ఒడ్డెక్కి వాళ్ళ అమ్మమ్మను చూడ్డానికి వెళుతోంది" అంది. ఆయన కాసేపు నిలబడి, కుంచె తీసుకుని ఒడ్డు మీద చిన్న అడుగుజాడలు వేయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆ జాడలు గోడ చివర దాకా పోయాయి, దారిలో ఎవరెవరో ఒక గొడుగు, ఒక బల్ల, ఒక కుక్క చేర్చారు. ఇప్పుడు ఆ గోడ దగ్గర ఆగినవాళ్ళు ముందుగా వెతుకుతున్నది ఆ చేపనే. అలాంటిది నేను కూర్చుని ఎన్ని స్కెచ్‌లు వేసినా రాదు.

అంతకు ముందే, బొమ్మ ఏమిటి అన్నదాంట్లోనే జనం చేయి పడితే ఇంకా గట్టిగా ఉంటుంది. చిత్రకారిణి జూడీ బాకా లాస్ ఏంజెలెస్‌లో వరద కాలువ గోడ మీద 1976లో మొదలుపెట్టిన ‘గ్రేట్ వాల్’ చూడండి. అర మైలు పొడవు, ఐదు వేసవుల పని, నాలుగు వందలకు పైగా కుర్రకారు. మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామంది కోర్టు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు. రంగు డబ్బాలు తెరవకముందే చరిత్రకారులను పిలిపించి మాట్లాడించారు, పెద్దవాళ్ళ జ్ఞాపకాలు విన్నారు, పాఠ్యపుస్తకాల్లో లేని తమవాళ్ళ కథలు ఏవో తేల్చుకున్నారు. ఆ తర్వాతే స్కెచ్. గోడకు ఉన్న బలం గీతల్లో ఎంత ఉందో ఆ మాటల్లోనూ అంతే ఉంది.

దీన్ని ఇంకా దూరం తీసుకెళ్ళినవాళ్ళు పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి ఆదివాసులు. తమ భూమి మీద హక్కు నిరూపించుకోవడానికి 1997లో నలభై మందికి పైగా కలిసి సుమారు ఎనిమిది మీటర్లు, పది మీటర్ల కాన్వాస్ వేశారు. దాన్ని ‘ఙురారా’ కాన్వాస్ అంటారు. ఎవరి నేల, ఎవరి నీటి చెలమ వాళ్ళే వేశారు, ఇంకొకరిది ముట్టుకోలేదు. భూమి హక్కుల కేసు విన్న ట్రైబ్యునల్ ముందు దాన్ని పరిచి, ఒక్కొక్కరు తాము వేసిన చోట నిలబడి తమ భాషలో సాక్ష్యం చెప్పారు. 2007లో కోర్టు వాళ్ళ హక్కును గుర్తించింది. ఎవరు ఏ చోటు వేయాలన్న నిర్ణయం ఎంత లోతుగా పోగలదో నాకు ఈ కాన్వాస్ చూశాకే తెలిసింది. మీ లైబ్రరీలో కూడా అడగండి. కథల పుస్తకాల గది ఎవరిది? పేపర్లు చదివే బల్ల ఎవరిది? ఆ చోటు వాళ్ళ చేతికే ఇవ్వండి.

మీటింగ్ పెట్టి "గోడ మీద ఏం బొమ్మ కావాలి?" అని మాత్రం అడగకండి. చెట్టు, పావురం, భూగోళం, పట్టుకున్న చేతులు, ఈ నాలుగే వస్తాయి. జనానికి ఊహ లేక కాదు, ప్రశ్న పెద్దదై ఊపిరాడక. చిన్న ప్రశ్న అడగండి. "ఇక్కడ మీరు ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి ఏం కనిపిస్తుంది?" "ఒకప్పుడు ఇక్కడ ఉండి, ఇప్పుడు లేనిదేంటి?" పోస్ట్‌కార్డు సైజు కాగితం, పెన్సిలు ఇచ్చి, గీయడం రాదంటే రాయమనండి. ఆ కార్డులన్నీ నేల మీద పరిచి అందరితో కలిసి కుప్పలు పెడితే బొమ్మ ఎటు పోవాలో దానంతటదే బయటపడుతుంది. ఓటింగ్ కూడా పెట్టకండి. ఓటుకు పెడితే ఎవరికీ అభ్యంతరం లేనిది గెలుస్తుంది, అది ఎవరికీ గుర్తుండదు. కార్డుల నుంచి డిజైన్ కూర్చే బాధ్యత మీదే. కాకపోతే దాన్ని గోడెక్కించే ముందు ఒక వారం లైబ్రరీలో అతికించి, "ఇది వద్దు" అనే హక్కు అందరికీ ఇవ్వండి. వచ్చిన అభ్యంతరానికి కారణం అడిగి తెలుసుకోండి. చాలాసార్లు ఆ కారణంలోనే మెరుగైన బొమ్మ దొరుకుతుంది.

"నాకు రాదండీ" అని గోడకు దూరంగా నిలబడేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. బతిమాలవద్దు, "అందరూ కళాకారులే" లాంటి ఉపన్యాసం అంతకన్నా వద్దు. రంగులో ముంచిన కుంచె చేతిలో పెట్టి, "ఈ మూల కాస్త నింపుతారా, నేను అటు చూసి వస్తాను" అని పక్కకు వెళ్ళండి. ఎవరూ చూడటం లేదంటే చేయి కదులుతుంది. అప్పటికీ ఇష్టపడనివాళ్ళకు రంగులు కలిపే పని, డబ్బాలకు నంబర్లు వేసే పని ఉంది. వాళ్ళ పేర్లు కూడా గోడ మీదికి ఎక్కాలి.

గోడ సంగతి ఇక త్వరగా చెప్పేస్తాను. సిమెంటు పూత కొత్తదైతే కనీసం 28 రోజులు ఆరాలి, లేదంటే సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. పాత గోడలో చెమ్మ ఉందా లేదా తెలియాలంటే ప్లాస్టిక్ షీట్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి చుక్కలు పడితే రంగు పెచ్చులుగా లేస్తుంది, ముందు ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి. భవనం బాగా పాతదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు. పిల్లలు ఉన్నప్పుడు దాన్ని గీకడం, రుద్దడం అసలు వద్దు. నున్నటి గోడ మీద లీటరు రంగు ఒక పూతకు ఎనిమిది నుంచి పది చదరపు మీటర్లు వస్తుంది, గరుకు గోడ ఇంకా ఎక్కువ తాగుతుంది. పది డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఉంటే అక్రిలిక్ సరిగా పొర కట్టదు. ఎర్రటి ఎండలో కాలే గోడ మీద అయితే కుంచెకే ఎండిపోతుంది. గోడకు నీడ ఉన్న పూట చూసుకోండి. గోడ దగ్గర మనిషికి మీటరు చోటు లెక్కేయండి, ఎనిమిది మందికి ఒక సహాయకుడు. పరంజా మీదికి మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ ఎక్కకూడదు.

మరి పైభాగం ఎవరు వేయాలి? గోడ దాకా రాలేనివాళ్ళ సంగతేంటి? ఫిలడెల్ఫియాలో 1984లో గోడల మీది పిచ్చిగీతలను ఆపే పథకంగా మొదలై, ఇప్పుడు మ్యూరల్ ఆర్ట్స్ అనే పేరుతో నడుస్తున్న సంస్థ దీనికి మంచి దారి చూపింది. పారాచూట్ క్లాత్ అని పిలిచే, నేయని పల్చటి పాలియెస్టర్ గుడ్డ మీద బొమ్మను ముక్కలుగా వేస్తారు. తర్వాత ఆ ముక్కలను అక్రిలిక్ జెల్‌తో గోడకు అంటిస్తారు. అంచు ఎక్కడుందో కనిపెట్టలేం. ఈ పద్ధతిలో జైల్లో ఉన్నవాళ్ళు వేసిన ముక్కలు కూడా నగరం గోడల మీదికి చేరాయి. మీరు కూడా ఆ గుడ్డను మంచం దిగలేనివాళ్ళ దగ్గరికి, బడికి, వృద్ధాశ్రమానికి పట్టుకెళ్ళవచ్చు. వాన గొడవ లేదు, నిచ్చెనల గొడవ లేదు. పెద్దావిడ బల్ల మీద వేసిన చిన్న ముక్క గోడ కొమ్మున అంటుకుంటుంది. నన్నడిగితే మీ మొదటి పనికి గోడ కన్నా ఈ గుడ్డే మేలు.

చివరగా పేరు, హక్కులు. బొమ్మ ఎవరిది అన్న ప్రశ్న మొదటి రోజే తేల్చుకోండి. నేను "రూపకల్పన ఫలానా, చిత్రించినవారు" అని రాసి అందరి పేర్లూ అదే సైజులో వేయిస్తాను. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో 1928లో చేరిన 6బిస్ అధికరణం, ఆ పని తనదేనని గుర్తింపు పొందే హక్కును, తన పరువుకు భంగం కలిగేలా పనిని మార్చడాన్ని అడ్డుకునే హక్కును ఇస్తుంది. చాలా దేశాల చట్టాల్లో ఇది ఏదో ఒక రూపంలో ఉంది, వివరాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి, అక్కడి లాయర్‌ను అడగండి. ఒప్పందంలో మీ పారితోషికం సామగ్రి ఖర్చుతో కలపకుండా విడిగా రాయించుకోండి. సమాజం కోసం చేసే పని కాబట్టి చిత్రకారుడు ఉచితంగా చేయాలనే మాటను నేను ఒప్పుకోను, సున్నం వేసినవాడికి, పరంజా కట్టినవాడికి డబ్బు ఇస్తున్నారు కదా. గోడ ఎన్నేళ్ళు ఉంచుతారో, మరమ్మతు ఎవరిదో, తీసేయాల్సి వస్తే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో కూడా రాయించండి. తీసేసే ముందు, బొమ్మ వేసినవాళ్ళను పిలిచి చూపించాలన్న షరతు నేను ఎప్పుడూ పెడతాను.

పని అయ్యాక మిగిలిన రంగులు పారేయకండి. నంబర్లు వేసిన ఆ డబ్బాలను, ఏ రంగులో ఏది ఎంత కలిపారో రాసిన కాగితంతో సహా, లైబ్రరీ స్టోర్ రూమ్‌లో పెట్టించండి. గోడకు దెబ్బ తగిలినప్పుడు ఆ చోటు ఎవరు వేశారో జాబితా చూసి, వీలైతే వాళ్ళనే పిలిచి, అదే డబ్బాతో బాగు చేయించవచ్చు.